సాక్ష్యం చెప్పాక పథ్యం

జ్ఞానరత్నం అయ్యగారి దగ్గరికి ప్రార్థన కోసం ఎవరు వచ్చినా ఆయన వెంటనే కళ్ళు మూసుకునేవారు కాదు. కళ్ళు బాగా తెరిచి, వచ్చిన మనిషిని పాదాల దగ్గర్నుంచి పాపిట దాకా చూసేవారు. చూసి, నిద్ర పడుతోందా అని అడిగేవారు. ఆకలి వేస్తోందా అని అడిగేవారు. ఆ పైన గొంతు కాస్త తగ్గించి, పొద్దున బయటికి సాఫీగా అయిందా అని అడిగేవారు. వీటికి జవాబు వచ్చాకనే ఆయన చెయ్యి వచ్చినవాళ్ళ నెత్తిమీదికి వెళ్ళేది. ఆత్మల సంగతి చూడాల్సిన పాస్టరు అరుగుదల సంగతి చూస్తాడేంటని ఏటి అవతల సంఘాలవాళ్ళు నవ్వుకునేవారు. అరుగుదల అయ్యగారని పేరు కూడా పెట్టారు. ఆ పేరు ఆయన చెవిన పడినప్పుడు, "మంచి పేరే. అన్నం అరగనివాడికి వాక్యం మాత్రం ఎక్కడ అరుగుతుంది" అన్నారు.

ఆయన సంగతులు చెప్పడానికి నాకంటే తగినవాడు కృష్ణకి ఇటూ లేడు, అటూ లేడు. పసుపులంకకి బల్లకట్టు నడిపినవాణ్ణి. గడ గిద్యోను అంటే బందరు దాకా తెలుసు. తాడిచెట్టంత వెదురు గడ నాది. దాన్ని ఒక్కసారి అదిమి తోస్తే బల్లకట్టు అవతలి ఒడ్డు తాకడమే కాదు, ఆ ఒడ్డే కాస్త వెనక్కి జరిగేదని చూసినవాళ్ళు చెప్పేవారు. నేను చూడలేదు, నా దృష్టి గడ మీద ఉండేది. మా గుడిలో వేలాడే గంటని వరదనాడు నెత్తిన పెట్టుకుని ఈదుకొచ్చింది నేనే. దారిలో మొసళ్ళు ఎదురొచ్చాయి గాని, నెత్తిమీద గంట మోగేసరికి ఆరాధనకి వేళయిందనుకుని తప్పుకున్నాయి. అలాంటి బరువులు మోసిన భుజం ఇది. ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, ఈ భుజం పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారే వణికింది. ఆ సంగతి ఇందులో వస్తుంది.

అయ్యగారి ఇల్లు పేరుకి పాస్టరు బంగళా. చూస్తే రెండు గదుల పెంకుటిల్లు. పెరడు మాత్రం ఇంటికి నాలుగింతలు. మునగచెట్టు, కరివేపచెట్టు, ఉసిరి, గట్టు పొడుగునా వామాకు, అల్లం మళ్ళు, గుమ్మం పక్కన తులసి. ఆ తులసి గురించి ఒకసారి పేచీ వచ్చింది. మా సంఘపెద్ద సొలొమోను మాస్టారు, బడిపంతులుగా చేసి దిగిపోయిన మనిషి, పెరట్లో నిలబడి వేలు చూపించి, "అయ్యగారూ, అది వేరేవాళ్ళు పూజించే మొక్క. పాస్టరు గుమ్మంలో ఉండొచ్చునా?" అన్నాడు.

అయ్యగారు మాస్టారి వేలు పట్టుకుని మెల్లగా పక్కకి తిప్పారు. "తులసి ఇటుంది మాస్టారూ, మీరు చూపించింది వామాకు. ఇకపోతే, దేవుడి సృష్టిలో మొక్కలు మూడో దినాన మొలిచాయి. మీరూ నేనూ ఆరో దినాన వచ్చాం. వెనకొచ్చినవాళ్ళు ముందొచ్చినదాన్ని లేచి పొమ్మనడం మర్యాదేనా?" అని, దగ్గుతున్న మాస్టారికి నాలుగు తులసాకులు, రెండు మిరియాలు వేసి కాచి ఇచ్చారు. మాస్టారు తాగాడు. సొలొమోను మాస్టారి గొప్ప ఏమిటంటే, పాటల పుస్తకం మొత్తం ఆయనకి కంఠతా వచ్చు. గుడిలో పుస్తకం చేత్తో పట్టుకుంటాడే గాని దానికేసి చూడడు.

ఇక శిష్యుడి సంగతి. పేరు నతనయేలు. బైబిలు నేర్పే వేదపాఠశాలలో చదువు ముగించి, సొంతంగా ఒక సంఘాన్ని అప్పగించేలోగా పెద్ద పాస్టరు కింద పని నేర్చుకోవాలన్న పద్ధతి ప్రకారం మా అయ్యగారి దగ్గర కుదిరాడు. మంచి కుర్రవాడు. కపటం లేదు. నోట్లో మాట మాత్రం ఎప్పుడూ కాళ్ళకంటే ముందు నడిచేది. వాళ్ళది మా లంకే; మా దడీ వాళ్ళ దడీ ఒకటే. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి రాహేలమ్మ పసుపు కళ్ళాల్లో కూలి చేసి పెంచింది. ఆమెకి కొడుకు తర్వాత ఈ లోకంలో ఉన్నది గొంతొకటే. ఆ గొంతుతో ఆమె గుడిలో పాట ఎత్తుకునేది, మేం అందుకునేవాళ్ళం. నా గొంతు పెద్దది, ఒప్పుకుంటాను. అవతలి ఒడ్డున ఎద్దులు ఆగిపోయేంత పెద్దది. అయినా పాట ఎత్తుకోవడానికి ఆమె కావలసిందే.

ఆ ఏడు పసుపు ఉడకబెట్టే రోజుల్లో రాహేలమ్మకి జ్వరం పట్టుకుంది. మామూలు జ్వరం కాదు, మనిషిని పీల్చి పిప్పి చేసే జ్వరం. బల్లకట్టు మీద అవతలికి తీసుకెళ్ళి డాక్టరమ్మకి చూపించాం. మాత్రలిచ్చి, జ్వరం దిగినా కొన్నాళ్ళు మెత్తటి తిండే పెట్టమంది. మాత్రలు పడుతూనే ఉన్నాయి, నతనయేలు మంచం పక్కన ఉపవాసముండి ప్రార్థన చేస్తూనే ఉన్నాడు, అయ్యగారు రోజూ వచ్చి నుదుటికి నూనె రాసి చెయ్యి పెడుతూనే ఉన్నారు. ఒక పొద్దున ఒళ్ళంతా చెమట పోసి జ్వరం దిగింది. అందరం మోకరించాం.

అయ్యగారు లేచి రాహేలమ్మతో, "అమ్మా, జ్వరం వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ ఇంట్లో సామానంతా ఊడ్చుకుపోయింది. మళ్ళీ ఒక్కొక్కటే చేర్చుకోవాలి, తొందరపడకు" అని పథ్యం చెప్పారు. పాతబియ్యం జావ. కాస్త నిలిచాక పెసరకట్టు, బీరకాయ. మజ్జిగ తేట. కాచి చల్లార్చిన నీళ్ళు. పొద్దుటెండలో కాసేపు కూర్చోవాలి, మధ్యాహ్నం పడుకోవాలి. "పసుపు కళ్ళం వైపు నడవకు. ఆవకాయ జాడీ వైపు అసలే చూడకు" అన్నారు. ఆమె నవ్వి తలూపింది.

ఆ ఆదివారమే చిక్కు వచ్చిపడింది. మా గుడిలో ప్రసంగానికి ముందు సాక్ష్యాల వేళ ఉంటుంది. దేవుడు చేసిన మేలు ఎవరికి జరిగితే వాళ్ళు లేచి చెప్పాలి. నతనయేలు లేచాడు. జ్వరం తగ్గిందని చెప్పి కూర్చుంటే సరిపోయేది. కాని ఎదురుగా అన్ని మొహాలు, అన్ని చెమర్చిన కళ్ళు. మాట కాళ్ళని దాటిపోయింది. "మా అమ్మ సంపూర్ణంగా స్వస్థత పొందింది. నీరసమన్నది నామరూపాల్లేదు. ఆమెకి మందూ అక్కర్లేదు, పథ్యమూ అక్కర్లేదు. ప్రభువే ఆమెకి పథ్యం" అన్నాడు.

గుడంతా స్తోత్రం అంది. నేనూ అన్నాను. నేనన్నానంటే గుడి కప్పుకి తెలుస్తుంది. ఆ రోజు పెంకులు ఒక్కసారి లేచి మళ్ళీ సర్దుకున్నాయి. అయ్యగారు మాత్రం స్తోత్రం అనకుండా రాహేలమ్మ కేసి చూశారు. నేనూ చూశాను. ఆమె అప్పటిదాకా స్తంభానికి ఆనుకుని కూర్చుంది. కొడుకు మాట వినగానే మెల్లగా భుజాన్ని స్తంభం నుంచి తీసేసి నిటారుగా కూర్చుంది.

మా లంకలో ఒక ఆచారం ఉంది. ఎవరింట స్వస్థత సాక్ష్యం చెబితే, ఆ వారమంతా ఇరుగుపొరుగు తలా ఒక కూర వండి పట్టుకెళ్ళి, బాగుపడ్డ మనిషి పక్కన కూర్చుని తినిపిస్తారు. పరీక్ష చెయ్యడానికి కాదు, సంతోషం పంచుకోవడానికే. ఎండుచేపల పులుసు వచ్చింది. గోంగూర వచ్చింది. సున్నుండలు వచ్చాయి. రాహేలమ్మ అందరితో నవ్వుతూ మాట్లాడి, ఎవరూ చిన్నబుచ్చుకోకుండా అన్నీ తిన్నది. జావకుండ బోర్లించి అటకెక్కించింది. పసుపు కళ్ళానికి కూడా వెళ్ళి నిలబడింది. వచ్చినవాళ్ళు వెళ్ళాక మాత్రం పెరట్లోకి వచ్చి కడుపు పట్టుకుని కూర్చునేది. దడి ఇవతల ఉన్నవాణ్ణి, నాకు తెలియకుండా ఎలా ఉంటుంది?

"ఏంటి చెల్లీ అది?" అన్నాను దడి మీంచి.

"ఏం లేదన్నా. అబ్బాయి అందరి ముందూ మాటిచ్చేశాడు. వాడి మాట నిలబడాలి. వాణ్ణి రేపు ఒక సంఘం మీద పెడతారు. మొదటి సాక్ష్యమే అబద్ధమైందంటే ఎవరు వింటారు వాణ్ణి?" అంది. మళ్ళీ తనే, "అన్నా, నీ గొంతు పెద్దది. దయచేసి దీన్ని కాస్త లోపలే ఉంచుకో" అంది.

లోపలే ఉంచుకున్నాను. అయ్యగారితో తప్ప ఎవరితోనూ అనలేదు. అయ్యగారితో అనడం, అనడం కిందికి రాదు.

మర్నాడు పాస్టరమ్మగారు గిన్నె నిండా వేడి జావ కాచి, జీలకర్ర వేసి, మూతపెట్టి రాహేలమ్మ ఇంటికి పంపించింది. పొద్దు వాలకముందే ఆ గిన్నె నతనయేలు చేతుల్లో తిరిగి వచ్చింది. అయ్యగారు మునగచెట్టు పాదుకి నీళ్ళు పోస్తున్నారు. నేను అక్కడే ఉన్నాను. ఆ పాదు తవ్వింది నేనే. ఒక్క గునపం పోటుకి ఊట నీళ్ళు పడితే మళ్ళీ పూడ్చాల్సి వచ్చింది.

"అయ్యగారూ, ఒక మాట అడగాలి" అన్నాడు నతనయేలు. "బాగుపడిందని సంఘం ముందు ఒప్పుకున్నాక మళ్ళీ ఈ జావ తాగితే ఆ ఒప్పుకోలు ఏమవుతుంది? బాగుచేసింది దేవుడైతే జావ దేనికి? జావే బాగుచేసేదైతే ఇన్నాళ్ళూ మనం మోకాళ్ళ మీద ఉన్నది దేనికి?"

"మీ అమ్మ ఏమంది?"

"బాగున్నాను, తీసుకెళ్ళి ఇచ్చెయ్యమంది."

"ఎలా ఉన్నావని నువ్వడిగావా?"

"బాగైందని నమ్మినవాడు అలా అడిగితే అది అవిశ్వాసం కాదాండీ?"

అయ్యగారు చెంబు కింద పెట్టారు. గిన్నె అందుకుని, మూత తీసి చూసి, అక్కడే నిలబడి ఆ జావ తానే తాగేశారు. "చల్లారిపోయింది" అన్నారు. మళ్ళీ చెంబు తీసుకున్నారు. నతనయేలు జవాబు కోసం కాసేపు నిలబడి, రాదని తెలుసుకుని వెళ్ళిపోయాడు.

అంతలో మట్టల ఆదివారం వచ్చింది. ఆ రోజు మా సంఘమంతా రేవు దగ్గర చేరి, కొబ్బరి మట్టలూ ఈతమట్టలూ పట్టుకుని, ఏటిగట్టు మీదుగా పాడుకుంటూ గుడికి నడుస్తుంది. అందరూ మట్ట పట్టుకుంటే నేను దాదాపు చెట్టే పట్టుకున్నాను. నా వెనక నడిచినవాళ్ళకి ఎండ తగల్లేదు. ముందువరసలో రాహేలమ్మ. తెల్లచీర కట్టుకుని, కొంగు నడుముకి బిగించి, పాట ఎత్తుకుంది. మొదటి చరణం నిండుగానే వచ్చింది. రెండో చరణంలో చివరి మాట ఆమె నోటి నుంచి రాలేదు. నేను అందుకున్నాను. మూడో చరణంలో సగం పైగా రాలేదు. అదీ అందుకున్నాను, అవతలి ఒడ్డు నుంచి ప్రతిధ్వని వచ్చేంతగా. ఎవరూ కనిపెట్టలేదు. నతనయేలు ఆమె పక్కనే, కళ్ళు ఆకాశం మీద పెట్టుకుని పాడుతున్నాడు.

ఆమె చేతిలోంచి మట్ట జారింది. తీసుకోవడానికి వంగింది. వంగిన మనిషి మళ్ళీ లేవలేదు.

గంగరావి చెట్టు నీడకి తీసుకెళ్దామని నేనే ఎత్తాను. రెండు చంకల కిందా రెండు పసుపు బస్తాలు పెట్టుకుని, పళ్ళతో మూడోది పట్టుకుని గట్టెక్కినవాణ్ణి. అలవాటు చొప్పున ఊపిరి బిగబట్టి ఎత్తాను. బిగబట్టిన ఊపిరి అలాగే ఉండిపోయింది. నా చేతుల్లో మనిషి ఉన్నట్టే లేదు. దండెం మీద ఆరిన చీర తీస్తే వచ్చినట్టు వచ్చింది. గంటని మోసిన భుజం ఇది, ఏ బరువుకీ వణకలేదు. ఆ రోజు బరువు లేకపోవడానికి వణికింది.

చెట్టు కింద పడుకోబెట్టి మొహాన నీళ్ళు చల్లాం. పాట ఆగిపోయింది. చుట్టూ మట్టలు పట్టుకున్న జనం. వెనకవరసల్లో గుసగుస మొదలైంది. "సాక్ష్యం చెప్పారు కదే, ఇదేంటి?" అని ఒకరు. "ఇంట్లో విశ్వాసం ఎక్కడో తప్పి ఉంటుంది" అని ఇంకొకరు. నతనయేలు విన్నాడు. తల్లి తల దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు గాని, చెయ్యి వెయ్యడానికి భయపడుతున్నవాడిలా చేతులు ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

రాహేలమ్మ కళ్ళు తెరిచింది. కొడుకుని చూసింది. జనాన్ని చూసింది. చూసి, అందరికీ వినబడేలా, ఉన్న ఊపిరంతా కూడదీసుకుని, "ఏం లేదు నాన్నా. మట్ట కాలికి అడ్డం పడింది. నీరసం కాదు" అంది.

మట్ట పక్కకి పడింది, కాలికి కాదు. నేను చూశాను, నతనయేలూ చూశాడు. పుట్టినప్పట్నుంచీ తల్లి నోట అబద్ధం వినని కుర్రవాడు. అది ఎవరి కోసం చెప్పిందో అర్థమయ్యేసరికి వాడి మొహంలో రక్తం లేకుండా పోయింది.

అప్పటికి అయ్యగారు వచ్చారు. ఆయన ఎప్పుడూ పరుగెత్తరు. వచ్చి మట్టిలో చతికిలబడి కూర్చుని, ఎప్పటిలాగే పాదాల దగ్గర్నుంచి పాపిట దాకా చూసి, "రాహేలమ్మా, నిద్ర పడుతోందా?" అన్నారు.

ఆమె కొడుకు కేసి చూసింది.

"ఆకలి వేస్తోందా?"

మళ్ళీ కొడుకు కేసే చూసింది.

అయ్యగారు నతనయేలు వైపు తిరిగారు. "నేనడుగుతుంటే నిన్ను చూస్తోంది. నువ్వే అడుగు."

అంత జనంలో, ఏటి అవతలివాళ్ళు వెక్కిరించే ఆ ప్రశ్నలు తను అడగాలి. కుర్రవాడు చెయ్యి చాచి తల్లి చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మా, నిద్ర పడుతోందా?"

"లేదు నాన్నా. పడుకుంటే గుండె దడదడలాడుతోంది."

"ఆకలి వేస్తోందా?"

"జ్వరం పోయిన దగ్గర్నుంచీ లేదు. తిన్నది నిలవడం లేదు."

మూడోది అడగడానికి వాడికి నోరు రాలేదు. వంగి ఆమె చెవిలో అడిగాడు. ఆమె వాడి చెవిలో చెప్పింది. చెప్పాక, ఆ పాలిపోయిన మొహంలోనే నవ్వొచ్చింది. "చిన్నప్పుడు పొద్దున్నే నిన్ను నేనడిగేదాన్ని రా ఇది" అంది. పక్కనున్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. గుసగుసలు ఆ నవ్వులో పడి కొట్టుకుపోయాయి.

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు నతనయేలు.

"నువ్వు చెప్పేశావు కదరా" అంది రాహేలమ్మ.

వాడు ఆమె చేతిని మొహానికి ఆనించుకుని ఏడ్చాడు. ఎవరూ అడ్డుపడలేదు. ఏడ్చి, లేచి, జనం వైపు తిరిగి, "మా అమ్మకి జ్వరం తగ్గింది. నీరసం తగ్గలేదు. తగ్గిందని నేను ఎక్కువ చెప్పాను" అన్నాడు. గట్టిగా కూడా చెప్పలేదు, మామూలుగా చెప్పాడు. ఒక పెద్దావిడ, ఎండుచేపల పులుసు తెచ్చినావిడే, "అయ్యో, తెలిస్తే చారు పెట్టి తెచ్చేదాన్ని గదరా అబ్బాయీ" అంది. అంతకంటే కఠినమైన తీర్పు ఆ రోజు ఎవరూ చెప్పలేదు.

పాస్టరమ్మగారు చంకలోని సంచిలోంచి బట్ట చుట్టిన గిన్నె తీసింది. జావ. ఆవిడ దాన్ని రేవు దగ్గర్నుంచీ మోసుకొస్తోంది. ఎవరి కోసమని మేమెవరం అడగలేదు. నతనయేలు గిన్నె అందుకుని కళ్ళు మూసుకున్నాడు. వాడు ప్రార్థన మొదలుపెడితే సృష్టి దగ్గర్నుంచి వస్తాడు. అయ్యగారు వాడి మోకాలు తట్టి, "చిన్న ప్రార్థన. ఇవాళైనా వేడిగా తాగనీ" అన్నారు. వాడు "ప్రభువా, వందనాలు" అని కళ్ళు తెరిచి, తల్లి తల ఒళ్ళో పెట్టుకుని ఒక్కో గుక్కే పట్టాడు. జావ నిలిచింది. ఆమె పెదాల మీదికి తడి వచ్చింది. మేమందరం చాలాసేపట్నుంచి బిగబట్టిన ఊపిరి వదిలాం. నేనొక్కణ్ణి వదిలిన ఊపిరికే గంగరావి పూలు రాలాయి.

అయినా అయ్యగారు అంతటితో ఊరుకోలేదు. అవతలికి తీసుకెళ్ళి చూపించమన్నారు. బల్లకట్టు మీద మంచం వేసి తీసుకెళ్ళాను. ఆ రోజు నేను గడ వేసిన తీరు చూసి ఏరే సిగ్గుపడి పక్కకి ఒదిగింది. మంచం మీద పెట్టిన నీళ్ళగ్లాసులో చుక్క తొణకలేదు. డాక్టరమ్మ అన్నీ చూసి, "జ్వరం తిరగబెట్టలేదు, అదృష్టం. మనిషిలో సత్తువ లేదు. మెత్తటి తిండి, నిద్ర, విశ్రాంతి. ఇంతకుముందే చెప్పాను కదా?" అంది. నతనయేలు తల వంచుకుని, "చెప్పారండి" అన్నాడు.

తర్వాతి ఆదివారం పునరుత్థాన పండుగ, అదే ఈస్టరు. గుడి కిక్కిరిసింది. ముందువరసలో రాహేలమ్మకి అయ్యగారి ఇంటి పడక్కుర్చీ వేశారు. ఆమె వెనక్కి ఆనుకుని కూర్చుంది, ఇక ఎవరి మాట కోసమూ నిటారుగా లేవనక్కర్లేకుండా. సాక్ష్యాల వేళకి నతనయేలు లేచాడు. "మా అమ్మ నిన్న మధ్యాహ్నం నిద్రపోయింది. రాత్రి పెసరకట్టుతో అన్నం తిన్నది. ఇంకా నడిస్తే కళ్ళు తిరుగుతున్నాయి. దేవునికి స్తోత్రం" అని కూర్చున్నాడు.

ఆ స్తోత్రానికి వచ్చిన జవాబు మొదటిదానికి రాలేదు. నా ఒక్కడి గొంతు వల్ల అనుకుంటారేమో, కాదు. అందులో ఇంకేదో ఉంది. అందరి మీంచీ మూట దిగినట్టుంది. ఎందుకంటే వెంటనే సొలొమోను మాస్టారు లేచాడు. ఆయన ఎన్నో ఏళ్ళ కిందట అదే చోట నిలబడి, ప్రార్థన వల్ల తన చూపు తిరిగొచ్చిందని సాక్ష్యం చెప్పి కళ్ళజోడు తీసేసిన మనిషి. లేచి, గొంతు సవరించుకుని, జేబులోంచి ఒక గుడ్డమూట తీసి విప్పాడు. అందులో కళ్ళజోడు ఉంది. పెట్టుకున్నాడు. పాటల పుస్తకం తెరిచి, తలకిందులుగా ఉందని చూసి, తిప్పి పట్టుకున్నాడు. "వచ్చింది కొంతే. ఆ కొంతకీ స్తోత్రం" అన్నాడు. మాస్టారి భార్య చీరకొంగుతో కళ్ళు తుడుచుకుంది. పాపం, రోజూ ఆయన కంచంలో ఏది ఎక్కడుందో చెప్పింది ఆవిడే.

తర్వాత ఎవరూ ఆగలేదు. మోకాలి నొప్పి సగమే తగ్గినవాళ్ళు లేచారు. దగ్గు పగలు తగ్గి రాత్రి తగ్గనివాళ్ళు లేచారు. నాకు చెప్పుకోవడానికి ఏ జబ్బూ లేదు. ఒక్క నడుంనొప్పి ఉంది. దాని గురించి లేచి చెప్పాను. అంతటి నడుంనొప్పి ఈ జిల్లాలో ఇంకొకరికి లేదని కూడా చెప్పాను. అప్పుడు రాహేలమ్మ కుర్చీలో కూర్చునే పాట ఎత్తుకుంది. సన్నగానే వచ్చింది గాని ఏ చరణంలోనూ తెగలేదు. నేను గొంతు తగ్గించి వెనక నడిచాను. ఎంత తగ్గించానంటే, గుడి బయటివాళ్ళకి మాత్రమే వినబడింది.

ఆరాధన అయ్యాక పాస్టరు బంగళా పెరట్లో అయ్యగారు మునగాకు దూస్తున్నారు. నతనయేలు జావ కోసం వచ్చాడు. ఇప్పుడు ఏ పూట జావ ఆ పూట వాడే స్వయంగా పట్టుకెళ్తున్నాడు. పాస్టరమ్మగారు వేడి గిన్నె తెచ్చి గట్టు మీద పెట్టింది. వాడు దాన్ని అందుకోబోయి ఆగాడు.

"అయ్యగారూ, ఆ రోజు నేనడిగినదానికి మీరు జవాబు చెప్పలేదు."

అయ్యగారు ఆకు దూస్తూనే ఉన్నారు. "చనిపోయిందని ఏడుస్తున్న ఇంట్లోకి ప్రభువు వెళ్ళి ఒక చిన్నపిల్లని చెయ్యి పట్టుకుని లేపాడు. పిల్ల లేచి నడిచింది. అందరూ నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. అప్పుడాయన ఆ ఇంటివాళ్ళతో ఏమన్నాడు?"

నతనయేలు వేదపాఠశాలలో మంచి మార్కులు తెచ్చుకున్నవాడు. చెప్పడం మొదలుపెట్టి, మధ్యలో గొంతు తగ్గించాడు. "పిల్లకి తినడానికి ఏదైనా పెట్టమన్నాడండి."

అయ్యగారు గిన్నె చుట్టూ బట్ట చుట్టి, ముడి వేసి, వాడి చేతుల్లో పెట్టారు.

"అంత పని చేసినవాడు, ఇంత జావ పొయ్యడం తనకి చేతకాకే వాళ్ళతో చెప్పాడంటావా? వెళ్ళు, చల్లారిపోతుంది."